అమ్మకి అర్థమయ్యేది నాకెందుకు అర్థం కాదు?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. పుట్టుకతోనే తీవ్రమైన మేధో వైకల్యం. మాటలు లేవు. నడుస్తాడు గానీ స్నానం, భోజనం, బట్టలు అన్నీ ఇంకొకరు చూడాలి. ఇన్నాళ్లూ అమ్మే చూసుకుంది. మూడు నెలల కిందట అమ్మకి తుంటి ఎముక విరిగి మంచం పట్టడంతో నేను వచ్చి ఉంటున్నాను. అమ్మ తన గదిలోంచే "వాడికి దాహమేస్తోంది, చూడు" అంటుంది. ఆ చప్పుడు నేనూ విన్నాను, కానీ నాకు వాడి చప్పుళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. నేనేం చెప్పినా నా వైపు చూడడు. రోజంతా కుడిచేతి వేళ్లతో చెంప మీద తట్టుకుంటూ కూర్చుంటాడు. రెండు వారాలుగా స్నానానికి తీసుకెళ్తుంటే నా చేయి కొరుకుతున్నాడు. "రెండేళ్ల పిల్లాడనుకోండి" అన్నారు డాక్టరుగారు. మాట్లాడే యాప్ ఉన్న ట్యాబ్ కొనమని ఒక బంధువు అంటున్నారు. ఇంకొకరు ఒక వీడియో పంపారు. ఇలాంటివాళ్ల చేయి పట్టుకుని అక్షరాల బోర్డు దగ్గర పెడితే వాక్యాలకి వాక్యాలు రాసేస్తున్నారు అందులో. ఏది నమ్మాలి? నేను చెప్పేది వాడికి అర్థమవుతుందా? అసలు నేనెవరో తెలుసా?

జవాబు: మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అమ్మగారు గదిలోంచే, మనిషిని చూడకుండానే, "వాడికి దాహమేస్తోంది" అంటారని రాశారు. అంటే మీ తమ్ముడు దాహమైనప్పుడు ఒక రకంగా, మిగతా వేళల్లో మరో రకంగా చప్పుడు చేస్తున్నాడు. ఆ తేడా గోడ అవతలికి కూడా తెలుస్తోంది. మీకు తెలియకపోవడం మీ తప్పేం కాదు, మీరు వచ్చి మూడు నెలలేగా. ఆవిడ 26 ఏళ్లు విన్నారు. మీకు అంతకాలం పట్టదు, నేర్పే మనిషి పక్క గదిలోనే ఉన్నారు కాబట్టి.

అందుకే ట్యాబూ బోర్డూ తర్వాత. ముందు అమ్మ మంచం పక్కన కూర్చోండి.

ఒక చిక్కుంది. "నీకెలా తెలుస్తుందమ్మా?" అని అడిగితే "ఏముందే, తెలిసిపోతుంది" అంటారు. స్పీచ్ థెరపిస్టుగా నేనడిగిన తల్లుల్లో చాలామంది ఇదే మాటన్నారు. దాచడం కాదు, సైకిల్ ఎలా తొక్కుతావంటే మాత్రం ఎవరు చెప్పగలరు? కాబట్టి అలా అడక్కండి. మీ ఫోన్‌లో అతని చప్పుళ్లు చిన్నచిన్న ముక్కలుగా రికార్డు చేయండి. ఒక్కోటి పది సెకన్లు చాలు. ఆ సమయానికి ఏం జరుగుతోందో పక్కన రాసుకోండి. సాయంత్రం వరస మార్చి అమ్మకి వినిపించండి. "ఇది ఆకలి. ఇది ఊరికే, ఏం లేదు. ఇది... ఆగు, మళ్లీ పెట్టు" అంటారు. ఆ "మళ్లీ పెట్టు" దగ్గరే మీకు పాఠం మొదలవుతుంది. ఎందుకు ఆగారు, ఏం విన్నారు అని అప్పుడడగండి. చివర్లో సాగదీశాడనో, ముక్కుతో అన్నాడనో, మధ్యలో ఊపిరి పీల్చుకున్నాడనో చెప్తారు. వీడియో తీస్తే ఇంకా మంచిది, చేతులూ భుజాలూ కూడా కనిపిస్తాయి.

ఆవిడ చెప్పింది ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసి రాయండి. ఏం జరుగుతున్నప్పుడు, అతను ఏం చేస్తాడు, దాని అర్థం ఏమనుకుంటున్నాం, మనం ఏం చేయాలి. ఉదాహరణకి: కొత్త మనిషి దగ్గరగా వచ్చి కూర్చున్నప్పుడు, చొక్కా కాలరు నోట్లో పెట్టుకుంటాడు, గాభరాగా ఉందనుకుంటున్నాం, ఆ మనిషిని కాస్త ఎడంగా, పక్కకి కూర్చోమనాలి. ఎడిన్‌బరోలో శాలీ మిల్లర్ అనే స్పీచ్ థెరపిస్ట్ 1990ల మొదట్లో ఇలాంటి వివరాలన్నీ ఒక చిన్న పుస్తకంగా, ఆ మనిషే తన గురించి చెప్పుకుంటున్నట్టు రాయించే పద్ధతి మొదలుపెట్టారు. దాన్ని కమ్యూనికేషన్ పాస్‌పోర్ట్ అంటారు. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా, ఇంటికి కొత్త ఆయా వచ్చినా వాళ్ల చేతిలో పెట్టేది అదే. అమ్మకి తెలిసిందంతా ఆవిడ తలలోనే ఉండిపోతే ఏమవుతుందో ఈ మూడు నెలల్లో మీరు చూశారు.

మూడో గడిలో "అనుకుంటున్నాం" అని ఊరికే పెట్టలేదు. అమ్మలు కూడా పొరబడతారు. మాట చెప్పలేని మనిషి చేసేదానికి మనం ఇచ్చే అర్థం ఎప్పుడూ కొంత ఊహే. ఊహని చేసి చూడాలి. దాహమనుకుంటే నీళ్లివ్వండి. తాగి చప్పుడు మానేశాడా? అయితే ఒక టిక్కు పెట్టండి. తాగీ అదే చప్పుడు చేస్తుంటే ప్రశ్నార్థకం పెట్టండి. ఒకే గుర్తు గురించి అమ్మా, మీరూ, ఇంకొకరూ విడివిడిగా ఒకే మాట చెప్తే దాన్ని నమ్మొచ్చు.

ఈ పాఠం నేను నేర్చుకున్నది తలవంచుకుని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి గురించి "అవును అనడానికి నవ్వుతుంది" అని రిపోర్టులో రాశాను. ఆడుకుంటావా? నవ్వు. బయటికెళ్దామా? నవ్వు. నెల తర్వాత ఆ అమ్మాయిని చూసుకునే ఆయా నా ఎదురుగానే "నిన్ను కిటికీలోంచి పారెయ్యనా?" అని అంతే ముద్దుగా అడిగింది. అదే నవ్వు. గొంతు ముద్దుగా ఉంటే నవ్వుతుందే తప్ప ఆ నవ్వు ఏ ప్రశ్నకీ జవాబు కాదు. నా రిపోర్టు చూసి అప్పటికే నలుగురు ఆమె "ఒప్పుకుంది" అనుకుని ఏవేవో చేసేశారు.

ఇక కొరకడం గురించి. దీన్ని వెనక్కి నెట్టకండి.

26 ఏళ్లుగా లేనిది రెండు వారాల కిందట మొదలైందంటే నేను ముందు అడిగేది నొప్పి గురించే. పిప్పి పన్ను, చెవిపోటు, చెవిలో గట్టిపడిన గులిమి, మలబద్ధకం, పొట్టలోంచి పుల్లగా పైకి తన్నడం, ఎక్కడో తగిలిన దెబ్బ, వీటిలో ఏదైనా కావచ్చు. మాట్లాడగలిగినవాళ్లు "పన్ను సలుపుతోంది" అంటారు. మీ తమ్ముడు ముఖం మీద నీళ్లు పడే చోటికి తీసుకెళ్తుంటే కొరుకుతాడు. తట్టుకునేది కూడా చెంప మీదే అన్నారు. అది ఎప్పట్నుంచో ఉన్న అలవాటా, ఈ మధ్య జోరు పెరిగిందా, ఎప్పుడూ ఒకవైపేనా అన్నది అమ్మని అడిగి రాసుకోండి. పళ్ల డాక్టరుకీ, చెవుల డాక్టరుకీ చూపించండి. "ఇలాంటివాళ్లు కొరుకుతారండీ, మామూలే" అని ఎవరైనా పంపించేస్తే లేవకండి. వైకల్యం ఉందని తెలియగానే ప్రతిదాన్నీ దాని ఖాతాలో రాసేసి అసలు జబ్బుని చూడకపోవడం డాక్టర్లలోనూ ఉన్న పొరపాటే. "రెండు వారాల ముందు ఇది లేదు, నా దగ్గర తేదీలు రాసి ఉన్నాయి" అనండి. తేదీలు చూపిస్తే వినే తీరు మారుతుంది.

మాట చెప్పలేనివాళ్లకి నొప్పి ఉందా లేదా అని అంచనా వేయడానికి ఆస్పత్రుల్లో వాడే కొలబద్దలున్నాయి. ఒకదాంట్లో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అని ఐదు అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా, మొత్తం 10 మార్కులు. పిల్లల కోసం తయారైన దాన్ని తర్వాత వైకల్యం ఉన్న పిల్లల కోసం సవరించారు. ఆ సవరణలో నాకు నచ్చింది ఒకటే. ఆ మనిషికి మాత్రమే ఉండే నొప్పి గుర్తుల్ని ఇంట్లోవాళ్లే అందులో చేర్చొచ్చు. కొందరు నొప్పెడితే ఏడవరు, మౌనమైపోతారు. కొందరు నవ్వుతారు కూడా. మీ తమ్ముడి గుర్తేదో అమ్మకి తెలిసి ఉంటుంది, నోటుబుక్కులో దానికి ఒక పేజీ ఇవ్వండి.

నొప్పేమీ లేదని తేలితే అప్పుడు స్నానం సంగతి చూడండి. అమ్మ ఎలా చేయించేవారు? ముందు కాళ్ల మీద పోసేవారా, తల మీదా? చేయి పట్టుకుని లేపేవారా, తలుపు దగ్గర నిలబడి అతను లేచేదాకా ఆగేవారా? అతని వైపు నుంచి చూస్తే ఏమీ చెప్పకుండా ఎవరో చేయి పట్టి లాగుతున్నారు. మీరు "పద, స్నానం చేద్దాం" అనే ఉంటారు. ఆ మాట అతనికి మాటగా అందిందో లేదో మనకి తెలియదు కదా.

ఇక్కడే మీ అసలు ప్రశ్న వస్తుంది, అర్థమవుతుందా అని. మాటలు అర్థం కావడం వేరు, సందర్భం అర్థం కావడం వేరు. మీరు చెప్పులు వేసుకుని, తాళం చేతిలో పట్టుకుని, తలుపు వైపు చూస్తూ "బయటికెళ్దామా" అంటే అతను లేచి రావచ్చు. అందులో మాట ఎంత, చెప్పులెంత? ఒకసారి చెప్పులూ తాళమూ లేకుండా, తలుపు వైపు చూడకుండా, కూర్చున్నచోటే మామూలు గొంతుతో అదే మాట అనండి. కదలకపోతే బాధపడకండి, పరీక్ష ఫెయిలైనట్టేం కాదు. అతను దేన్ని ఆనుకుని లోకాన్ని తెలుసుకుంటున్నాడో తెలిసింది, ఇక మీరూ దాన్నే వాడుకోవచ్చు. అన్నట్టు, చెవులూ కళ్లూ సరిగ్గా పరీక్ష చేయించి ఎన్నేళ్లయింది? తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లలో వినికిడి, చూపు లోపాలు మామూలువాళ్లలో కంటే బాగా ఎక్కువ. "నా వైపు చూడడు" అన్న మాట వెనక కళ్లద్దాల నంబరు ఉండొచ్చు.

మాట అందనప్పుడు వస్తువు అందుతుంది. నెదర్లాండ్స్‌లో చెవులు వినపడని, కళ్లు కనపడని పిల్లలతో పనిచేసిన యాన్ వాన్ డైక్ 1960ల్లో ఈ దారి చూపించారు. ఏం జరగబోతోందో ఒక వస్తువుని చేతిలో పెట్టి చెప్పడం. స్నానానికి ముందు తువ్వాలు చేతిలో పెట్టండి. రోజూ అదే తువ్వాలు, అదే చోట, స్నానానికి సరిగ్గా ముందు. చేతిలో పెట్టి "స్నానం" అని ఒక్క మాటనండి. "రా నాన్నా, చక్కగా స్నానం చేసి కొత్త బట్టలు వేసుకుందాం" అంటే అసలు మాట అందులో కలిసిపోతుంది. ఆ తర్వాత ఆగండి. తువ్వాలు ఇచ్చి గంట తర్వాత తీసుకెళ్తే ఆ గుర్తు పనిచేయదు. వారంలోనో పది రోజుల్లోనో ఫలితం కనిపించాలని చూడకండి. కొందరికి నెలలు పడుతుంది.

ఆగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. నేను చూసిన వీడియోల్లో నూటికి తొంభై మంది, అందులో నేనూ ఉన్నాను, ఒక మాట అని రెండు సెకన్లలో మళ్లీ అదే మాట అంటాం. అతను మొదటి మాట పట్టుకునేలోపు రెండోది వచ్చిపడుతుంది, దాన్ని పట్టుకునేలోపు చేయి పట్టుకుంటాం. మనసులో పది లెక్కపెట్టండి. పది అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది, మీరు గడియారం పట్టుకుని చూడండి. ఆ పదిలో ఎనిమిది దగ్గర అతని వేళ్లు తువ్వాలు అంచుని నలపడం మొదలుపెట్టొచ్చు. రెండు దగ్గరే కదిలిపోయేవాళ్లకి అది ఎప్పటికీ కనపడదు.

తువ్వాలు విసిరేస్తే? అదీ జవాబే, వద్దంటున్నాడు. వీలైన రోజున ఆ "వద్దు"ని ఒప్పుకుని పావుగంట తర్వాత మళ్లీ అడగండి. రోజూ వీలుకాకపోవచ్చు, స్నానం చేయించాల్సిందే కదా. కానీ విసరడం, తల తిప్పుకోవడం, చేయి వెనక్కి లాక్కోవడం లాంటి చిన్న "వద్దు"లు ఎవరూ పట్టించుకోకపోతే చివరికి మిగిలేది పళ్లే. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు నలుగురు పిల్లలతో ఈ విషయమే చూపించారు. వాళ్ల దురుసు ప్రవర్తన వల్ల వాళ్లకి ఏం దక్కుతోందో కనిపెట్టి, అదే దక్కేలా వేరే దారిలో అడగడం నేర్పితే ఆ దురుసు తగ్గింది. కొరకడాన్ని మాన్పించడం కంటే కొరకక్కర్లేకుండా చేయడం తేలిక. వద్దనే హక్కు అందరికీ ఉంది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ల సంభాషణ అవసరాల కోసం అమెరికాలో ఏర్పడిన జాతీయ సంయుక్త కమిటీ 1992లో ప్రకటించి 2016లో సవరించిన హక్కుల పట్టికలో 15 హక్కులున్నాయి. ఇష్టంలేనిదాన్ని నిరాకరించడం అందులో ఒకటి.

ఇక చెంప మీద తట్టుకోవడం. మీరు దాన్ని ఒక బెంగగా రాశారు. నొప్పి కాదని తేలితే నాకది తలుపులా కనిపిస్తోంది.

1980ల్లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో హార్పర్‌బరీ ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న బడిలో మెలనీ నిండ్, డేవ్ హ్యూయెట్ అనే టీచర్లు తోటివాళ్లతో కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. జెరెయింట్ ఎఫ్రయిమ్ అనే సైకాలజిస్టు ఆలోచనలు దానికి పునాది. పసిపిల్లలకి మాటలు రాకముందు తల్లులు ఏం చేస్తారు? బిడ్డ "ఊ" అంటే తామూ "ఊ" అంటారు. బిడ్డ ఆగితే ఆగుతారు. మళ్లీ అంటుందేమోనని చూస్తారు. పాఠం ఉండదు, లక్ష్యం ఉండదు, ఒకరి తర్వాత ఒకరు అనుకోవడం తప్ప. అదే తీరుని పెద్దవాళ్లతో, వాళ్లని పసివాళ్లని చేయకుండా, వాళ్లు అప్పటికే చేస్తున్న పనితో మొదలుపెట్టారు. ఇంటెన్సివ్ ఇంటరాక్షన్ అని పేరు. దీని మీద వచ్చిన పరిశోధనలు చాలావరకు కొద్దిమందితో చేసిన చిన్నవి, కాబట్టి మంత్రంలా పనిచేస్తుందని నేననను. కానీ ఒక మధ్యాహ్నం నేను కళ్లారా చూసింది చెప్తాను.

ఒక వసతిగృహంలో నలభై ఏళ్లు దాటిన ఒకాయన. రోజంతా గోడకి వీపు ఆనించి, పిడికిలి కణుపులతో గోడని కొడుతూ ఉండేవారు. మూడు దెబ్బలు, ఖాళీ. మూడు దెబ్బలు, ఖాళీ. నేను రెండు మూరల దూరంలో అదే గోడకి ఆనుకుని కూర్చున్నాను, ఆయన వైపు చూడలేదు. మూడు దెబ్బలయ్యాక ఆ ఖాళీలో నేను మూడు కొట్టాను. ఏమీ లేదు. ఇరవై నిమిషాలు అలాగే. నా కాళ్లు తిమ్మిరెక్కాయి, ఇంటికి ఏ బస్సెక్కాలా అని కూడా ఆలోచిస్తున్నాను. అప్పుడు ఆయన రెండే కొట్టి ఆగారు. నేను అలవాటు కొద్దీ మూడు కొట్టేయబోయి, చేయి గాల్లో ఆపి, రెండు కొట్టాను. తల పూర్తిగా తిప్పలేదు గానీ కంటికొసతో నా చేతిని చూశారు. మళ్లీ ఒకటి కొట్టారు. నేనూ ఒకటి. ఆయన నోట్లోంచి ఒక గాలి వచ్చింది, నవ్వనొచ్చేమో. ఆ ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాయన తలుపు దగ్గర నిలబడిపోయి, "గోడని కొడుతున్నాడనుకున్నాం గానీ..." అని వాక్యం పూర్తిచేయలేదు.

మీరూ చేసి చూడండి. ఎదురుగా కాదు, పక్కన కూర్చోండి, ఎదురుగా వచ్చే ముఖం కొందరికి దాడిలా ఉంటుంది. అతను చెంప మీద తడితే మీరు కుర్చీ చేతి మీద అదే తాళంలో తట్టండి. మీ చెంప మీద వద్దు, తననితాను కొట్టుకోవడాన్ని మనం ప్రోత్సహించకూడదు. తాళం మాత్రం తీసుకోండి. అతను ఆగితే ఆగండి. లేచి వెళ్లిపోతే పోనివ్వండి, వెంటపడకండి, ఆట ముగించే అధికారం అతనిదే. ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. "ఇది వెక్కిరించినట్టు ఉండదా?" అని చాలామంది అడుగుతారు. వెక్కిరించేవాడు నవ్వించడానికి పక్కనున్నవాళ్లని చూస్తాడు. మీరు అతన్నే చూస్తున్నారు, అతను మారితే మీరూ మారుతున్నారు. అది అతనికి తెలుస్తుంది.

"రెండేళ్ల పిల్లాడనుకోండి" అన్న మాట మాత్రం పక్కనపెట్టండి. డాక్టరుగారు సులువుగా ఉంటుందని అని ఉంటారు. కానీ రెండేళ్ల పిల్లాడికి చాలా మాటలొచ్చి ఉంటాయి, 26 ఏళ్ల అనుభవం ఉండదు. మీ తమ్ముడికి మాటలు లేవు, 26 ఏళ్ల అనుభవం ఉంది. ఎవరి చేయి నెమ్మదిదో, ఎవరిది విసురో అతనికి తెలుసు. బొమ్మలు చూపించి ముద్దుమాటలు చెప్పకండి. పెద్ద మనిషితో మాట్లాడే గొంతుతోనే, తక్కువ మాటలతో మాట్లాడండి.

ఎంచుకోనివ్వడం కూడా మొదలుపెట్టండి. రెండు వస్తువులు రెండు చేతుల్లో పట్టుకుని చూపించండి. మొదట్లో ఒకటి అతనికి బాగా ఇష్టమైనది, రెండోది అసలు పట్టనిది ఉండాలి. రెండూ ఇష్టమైనవైతే ఎంచుకున్నాడో, దగ్గరున్నది పట్టుకున్నాడో తెలియదు. ప్రతిసారీ చేతులు మార్చండి, ఎప్పుడూ కుడివైపుదే తీసుకుంటున్నాడేమో చూడాలి. పట్టనిది తీసుకుని పారేస్తే "అయ్యో తప్పు" అనకండి, ఎంచుకుంటే అదే దక్కుతుందన్న సంగతి అలాగే తెలుస్తుంది.

ట్యాబ్ గురించి నాకు వ్యతిరేకత లేదు. అలాంటివి వాడితే వచ్చే మాట కూడా రాకుండా పోతుందన్న భయం చాలామందికి ఉంది, దానికి ఆధారం లేదు. 2006లో వచ్చిన ఒక సమీక్షలో గట్టి ఆధారాలున్న 27 మందిని చూస్తే ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, 89 శాతం మందికి కొంత పెరిగింది. కానీ తెర మీద గ్లాసు బొమ్మ నొక్కితే నీళ్లొస్తాయనడానికి, ఆ బొమ్మ గ్లాసుకి గుర్తని ముందు అర్థం కావాలి. మీరు రాసినదాన్ని బట్టి అతను ఇంకా అంత దూరం వెళ్లినట్టు లేడు. చేతికి అసలు గ్లాసు ఇవ్వండి. దాహమైతే దాన్ని తెచ్చి మీ ఒళ్లో పెట్టడం నేర్చుకుంటే, నా లెక్కలో అది యాప్ కంటే పెద్దది. యంత్రమే కావాలంటే ఒకే మాట రికార్డు చేసి, నొక్కితే పలికే పెద్ద బటన్లుంటాయి. అందులో "నీళ్లు" అని కాకుండా "మళ్లీ" అని పెట్టండి. పాట ఆగిపోయినప్పుడు, ఊయల ఆగినప్పుడు, మీరు తట్టడం ఆపినప్పుడు, అన్నిచోట్లా పనికొస్తుంది. ఏదైనా కొనేముందు ఒక స్పీచ్ థెరపిస్టు మీ తమ్ముణ్ని ఎదురుగా చూడాలి. ఉత్తరం చదివి నేను చెప్పేది అంతవరకే.

చేయి పట్టుకుని రాయించే వీడియో విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. వద్దు.

ఇది కొత్తదేం కాదు. 1970ల్లో ఆస్ట్రేలియాలో రోజ్‌మేరీ క్రాస్లీ మొదలుపెట్టారు, తర్వాత డగ్లస్ బిక్లెన్ ద్వారా అమెరికా చేరింది. ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అంటారు. 1990ల్లో దీన్ని పరీక్షించిన తీరు చాలా సూటిగా ఉంటుంది. రాసే మనిషికి ఒక బొమ్మ, చేయి పట్టుకున్న మనిషికి ఇంకో బొమ్మ, ఒకరిది ఒకరికి కనపడకుండా చూపించారు. బోర్డు మీదకి వచ్చింది చేయి పట్టుకున్నవాళ్లు చూసిన బొమ్మ పేరు. 1994లోనే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దీనికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానించింది. 2018లో అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం దీన్నీ, చేయి పట్టుకోకుండా బోర్డుని ఎదురుగా పట్టుకుని రాయించే మరో పద్ధతినీ వాడొద్దని చెప్పింది. చేయి పట్టుకున్నవాళ్లు మోసగాళ్లని నేననడం లేదు. చాలామంది కన్నతల్లులు, మంచి టీచర్లు. తమ చేయి కదిలిస్తోందని వాళ్లకే తెలియదు. కానీ ఇలా వచ్చిన రాతల్ని నమ్మి, కుటుంబాల మీద లైంగిక వేధింపుల కేసులు పెట్టి, తర్వాత అవి నిలవని ఉదంతాలున్నాయి. ఆ వీడియో మళ్లీ చూడండి. అక్షరం తాకే క్షణంలో ఆ అబ్బాయి కళ్లు బోర్డు మీద ఉన్నాయా, ఎక్కడో ఉన్నాయా?

నా అసలు అభ్యంతరం ఇంకొకటి. ఆ బోర్డు మీద "అక్కా, నువ్వంటే నాకిష్టం" అని వచ్చిందనుకోండి. రేపటినుంచి మీరు బోర్డునే చూస్తారు. అతని చప్పుడులో సాగదీత, తువ్వాలు అంచుని నలిపే వేళ్లు, వాటివంక ఎవరు చూస్తారు? ఉన్న గొంతు కూడా పోతుంది.

మీ చివరి ప్రశ్న, మీరెవరో తెలుసా అని. చూడకపోవడాన్ని బట్టి తెలియదనుకోకండి. చాలామంది శ్రద్ధ పెట్టినప్పుడు తలెత్తరు, కదలకుండా అయిపోతారు. రేపు మీరు గదిలోకి వెళ్లకముందు, తలుపు ఇవతల నిలబడి, ఒక నిమిషంలో చెంప మీద ఎన్నిసార్లు తట్టుకుంటున్నాడో లెక్కపెట్టండి. లోపలికి వెళ్లాక మాట్లాడకుండా ఇంకో నిమిషం లెక్కపెట్టండి. పనిమనిషో, చుట్టాలో వెళ్లినప్పుడు కూడా అలాగే చేసి పక్కపక్కన రాయండి. నాలుగైదు రోజులు చూస్తే ఏదో ఒకటి కనిపించొచ్చు.

మీకంటూ ఒక గుర్తు కూడా పెట్టుకోండి. మణికట్టుకి ఎప్పుడూ ఒకే బ్యాండ్, కాస్త గరుకుగా ఉండేది. దగ్గరికి వెళ్లగానే దాన్ని అతని వేళ్లకి తగలనిచ్చి "అక్క" అనండి. మిగతా పనేదైనా ఆ తర్వాతే. అమ్మ ఇన్నేళ్లూ దగ్గరికి వెళ్లగానే ముందు ఏం చేసేవారో కూడా అడగండి. "ఏమీ చేసేదాన్ని కాదే" అంటారు. అయినా ఒకసారి మీ తమ్ముణ్ని ఆవిడ మంచం దాకా తీసుకెళ్లి, ఆవిడ చేయి ముందు ఎక్కడికి వెళ్తుందో చూడండి.